కాలిన కారును కదలనివ్వకండి

ప్రశ్న: కొత్త కారు కొని ఏడాది నిండకముందే నడిరోడ్డు మీద కాలిపోయింది. భార్య, పాపతో వెళుతుంటే బానెట్ సందుల్లోంచి పొగ వచ్చింది. దిగి పది అడుగులు వేసేలోగా మంటలు లేచాయి. జరిగి 19 నెలలైంది. ‘పరిశీలిస్తున్నాం’ అని తయారీ కంపెనీ ఈమెయిళ్లు పంపుతూనే ఉంది. నేను బయట పెట్టించిన ఫాగ్ లైట్ల వల్లే ఇదంతా అని డీలరు అంటున్నాడు. కారు అతని యార్డులోనే ఉంది. తీసేయండి, లేదా పార్కింగ్ ఛార్జీలు కట్టండి అంటున్నాడు. సంతకం పెట్టి కారు అప్పగిస్తే టోటల్ లాస్ (బాగుచేయడానికి వీల్లేనంత నష్టం) కింద డబ్బు ఇస్తామని బీమా కంపెనీ అంటోంది. ఈఎంఐ మాత్రం నెలనెలా కడుతున్నాను. పాప ఇప్పటికీ కారు ఎక్కాలంటే ఏడుస్తుంది. ప్రమాదానికి నెల ముందు పెట్రోల్ వాసన వస్తోందని సర్వీసులో చెబితే ఏమీ లేదన్నారు. మంటలప్పుడు ఎవరో తీసిన వీడియో నా వాట్సాప్‌లో ఉంది. నాకు కొత్త కారు, మానసిక వేదనకు పరిహారం వస్తాయా? ఫాగ్ లైట్ల సంగతి ఫిర్యాదులో రాయొద్దని మిత్రులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ కేసును నిలబెట్టగల వాక్యం మీ ఉత్తరంలో ఒకటే ఉంది. దాన్ని మీరు చివర్లో మాటవరసకి అన్నట్టు రాశారు. అది పెట్రోల్ వాసన గురించి. పాప భయం, ఈఎంఐ భారం పరిహారం ఎంత అన్న దగ్గర లెక్కలోకి వస్తాయి. అసలు పరిహారం వస్తుందా రాదా అన్నది తేల్చే ప్రశ్న వేరు: మంట మొదట ఎక్కడ అంటుకుంది? పెట్రోల్ పైపు దగ్గరా, మీ లైట్ల వైరు దగ్గరా?

కారు కాలింది కాబట్టి కారులో లోపం ఉన్నట్టే అని ఏ వినియోగదారుల కమిషనూ అనుకోదు. ఎలుకలు కొరికిన వైరు, వదులైన బ్యాటరీ టెర్మినల్, వేడి ఎగ్జాస్ట్ మీద కారిన ఆయిల్, సర్వీసులో ఇంజన్ మీద మరచిపోయిన గుడ్డ, వీటిలో ఏదైనా చాలు కారు అంటుకోవడానికి. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని కారు కేసులో 2022లో సుప్రీంకోర్టు కొనుగోలుదారుడి పక్షాన నిలిచింది. ఎంత వేగంతో, ఎంత బలంగా తగిలితే అవి తెరుచుకుంటాయో లెక్కకట్టే నిపుణుడిగా కొన్నవాడు ఉండాలని ఆశించలేమంది. ఆ తీర్పు చూసి ధీమాగా ఉండకండి. తెరుచుకోని ఎయిర్‌బ్యాగు కంటికి కనిపిస్తుంది. కాలిన ఇంజన్‌లో కారణాన్ని వెతికి చూపించాలి.

ఆ కారణం ఇంకా మిగిలి ఉన్న చోటు ఆ కాలిన కారే. రాగి వైరు కొన చూడండి. విద్యుత్తు మెరుపుకు కరిగితే అక్కడ చిన్న గుండ్రటి పూసలాంటిది ఏర్పడుతుంది, దాని పక్కనే వైరు మామూలుగా ఉంటుంది. బయటి మంట వేడికి కరిగిన వైరు అలా ఉండదు, చాలా దూరం సాగి సన్నబడుతుంది. బానెట్ లోపలి వైపు ఏ మూల ఎక్కువ కాలింది, పెట్రోల్ పైపు క్లిప్పు బిగింపులోనే ఉందా, లైట్ల వైరుకు ఫ్యూజు ఉందా, ఇవన్నీ నిపుణుడు చూసి చెప్పగలడు. పూస ఒక్కటే రుజువు కాదు, కాలుతున్నప్పుడు కరెంటు ఉన్న వైరులోనూ అది ఏర్పడవచ్చు. అందుకే మిగతా గుర్తులూ కలిపి చూడాలి. అలాంటి కారును 19 నెలలు ఎవరో ఒకరి యార్డులో వదిలేసి, కంపెనీ ఈమెయిళ్ల కోసం చూస్తూ కూర్చున్నారు. ఒక్క నిపుణుడినీ తీసుకెళ్లి చూపించలేదు. ఇది చాలా పెద్ద పొరపాటు. ఆ వస్తువు మీ సాక్షి. సాక్షిని ఎదుటివాళ్ల ఇంట్లో ఉంచారు.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోగా కమిషన్‌కు వెళ్లాలి. ‘పరిశీలిస్తున్నాం’ అనే ఈమెయిలు వచ్చినంత మాత్రాన ఆ గడువు పెరగదు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు గానీ, కంపెనీ జవాబు కోసం చూశాను అన్నది తగిన కారణంగా నిలబడటం కష్టం. మీకు మిగిలింది 5 నెలలు. ఈ నెలలోనే వేయండి.

ఫాగ్ లైట్ల సంగతి దాచమన్న మిత్రుల మాట అస్సలు వినకండి. కాలిన వైర్లు అక్కడే ఉన్నాయి, బీమా సర్వేయర్ తీసిన ఫోటోలున్నాయి, సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ జాబ్ కార్డులో అదనపు వస్తువులు రాసి ఉండవచ్చు. మీ క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ ఒక్క ఫోటో చూపిస్తే చాలు, పెట్రోల్ వాసన గురించి మీరు చెప్పిన నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. వస్తువులో మార్పులు చేసి ఉంటే అమ్మినవారి మీద ప్రొడక్ట్ లయబిలిటీ (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి బాధ్యత) కింద వెళ్లడానికి లేదని అదే చట్టంలోని 87వ సెక్షన్ చెబుతోంది. అంటే డీలరు వాదనకు బలం ఉంది, దాన్ని దాచి గెలవలేరు. లైట్లు ఎవరు, ఎప్పుడు, ఎక్కడినుంచి వైరు లాగి పెట్టారో ఫిర్యాదులో మీరే రాయండి. పెట్టినవాడి బిల్లు వెతకండి. మంట మొదలైన మూల అది కాదని నివేదికలో తేలితే, అప్పుడు లైట్లు మీకు అడ్డం కావు.

పెట్రోల్ వాసన ఫిర్యాదు జాబ్ కార్డులో ‘కస్టమర్ చెప్పింది’ అనే గడిలో ఉందో లేదో వెంటనే చూసుకోండి. మీ కాపీ లేకపోతే రాతపూర్వకంగా అడగండి. వాళ్లు ‘చెక్ చేశాం, ఓకే’ అని రాసి ఉంటే, డీలరు మీద సేవాలోపానికి మీకు అంతకంటే మంచి కాగితం దొరకదు. డీలరు తప్పుకు తయారీదారు ప్రతిసారీ బాధ్యుడు కాడని 2021లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది కాబట్టి ఇద్దరినీ విడివిడిగా, ఎవరి తప్పు వారికి చూపిస్తూ పార్టీలుగా చేర్చండి.

మరో చిక్కు. ప్రొడక్ట్ లయబిలిటీ కింద ‘హాని’ అంటే ఏమిటో చెప్పే 2(22) సెక్షన్‌లో ఆ వస్తువుకే జరిగిన నష్టం చేరదు. కనుక కారు ధరను లోపమున్న వస్తువు కింద, 39వ సెక్షన్‌లోని మార్పిడి లేదా డబ్బు వాపసు రూపంలో అడగాలి. కారులో కాలిన మీ సామాను, దాంతో వచ్చిన వేదన వేరే పద్దు. ఒకే ఫిర్యాదులో రెండూ రాయించండి. కొత్త కారే కావాలని పట్టుబట్టకుండా, ప్రత్యామ్నాయంగా ధర వాపసు కూడా అడగండి.

బీమా సొమ్ము వదులుకోవద్దు. ప్రామాణిక పాలసీలో మంట, తనంతట తానే అంటుకోవడం రెండూ ఉంటాయి, అక్కడ తయారీ లోపాన్ని నిరూపించే పని లేదు. కానీ వాళ్లిచ్చే కాగితంలో తయారీ కంపెనీ మీద మీకున్న హక్కులన్నీ బీమా కంపెనీకి రాసిచ్చినట్టు ఉంటే సంతకం పెట్టకండి. కాలిన కారు విలువ తగ్గించి మిగతాది ఇవ్వమని, కారు నా దగ్గరే ఉంచుకుంటానని లేఖ రాయండి. సొమ్ములో ముందు బ్యాంకు అప్పు తీరుతుంది, ఈఎంఐ బాధ కొంత తగ్గుతుంది.

రేపే తయారీదారుకు, డీలరుకు, బీమా కంపెనీకి స్పీడ్ పోస్టులోనూ, ఈమెయిల్‌లోనూ నోటీసు పంపండి: కారును కదల్చకూడదు, విప్పకూడదు, అమ్మకూడదు, ఫలానా రోజు అందరి సమక్షంలో తనిఖీ ఉంది, రండి. పిలిచినా రాకపోతే ఆ మాట కూడా రికార్డులో ఉంటుంది. ఆటోమొబైల్ ఇంజనీరును తీసుకెళ్లి, ముట్టుకోకముందే అన్ని వైపులా ఫోటోలు తీయించండి. కారు ధర 50 లక్షల లోపైతే మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. దానితోపాటే 38(8) కింద కారును అమ్మకుండా మధ్యంతర ఉత్తర్వు, 38(2)(సి) కింద ల్యాబ్ పరీక్ష కోరండి. ల్యాబ్‌కు చట్టం పెట్టిన గడువు 45 రోజులు, ఆ ఖర్చు ముందుగా మీరే కట్టాలి. ఫైర్ సర్వీసు రిపోర్టు, పోలీసు స్టేషన్ డైరీ నకలు, సర్వేయర్ రిపోర్టు కాపీలు ఈలోగా సంపాదించండి.

వాట్సాప్‌లో వచ్చిన వీడియో మీద ఆధారపడకండి. పంపేటప్పుడు నాణ్యత తగ్గుతుంది, తీసిన సమయం వివరాలు పోతాయి. తీసినాయన ఎవరో కనుక్కుని, ఆయన ఫోన్‌లోని అసలు ఫైలు తీసుకోండి. దానికి భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, అందులో ఆయన చేతా, ఒక నిపుణుడి చేతా సంతకం చేయించండి. పొగ మొదట బానెట్ ఏ వైపు నుంచి లేచిందో అందులో కనిపిస్తే, ఆ సెకన్లను విడిగా ఫోటోలుగా తీయించి తనిఖీకి వచ్చే ఇంజనీరుకు ముందే ఇవ్వండి.