మావాడి డైనో షీట్లు చూసి ఒక మాట చెప్పండి సార్

ప్రశ్న: మాది గుత్తి. నేను డీజిల్ లోకో షెడ్‌లో టెక్నీషియన్‌ని. మా అబ్బాయి అనంతపురంలో ఆటోమొబైల్ డిప్లొమా ఆఖరి ఏడాది చదువుతున్నాడు. ప్రాజెక్టు కోసం పాత యమహా ఆర్‌ఎక్స్ 100 ఇంజన్ పెట్టి నాలుగు చక్రాల ఏటీవీ (మట్టిలో, ఇసుకలో తోలే బండి) కడుతున్నారు. ఫోన్‌లో ఎప్పుడు చూసినా అమెరికా వాళ్ల బాన్షీ అనే ఏటీవీ వీడియోలే. ఒక సిలిండర్‌కు వీడే పోర్టింగ్ (గాలి, పొగ పోయే దారులను ఫైల్ చేసి మార్చడం) చేశాడు, ఇంకో సిలిండర్ గ్యారేజీ మేస్త్రీ చేసిచ్చాడు. బెంగళూరు పోయి రెండింటినీ రెండు చోట్ల డైనో (పవర్ కొలిచే మిషన్) మీద పెట్టించారు. మావాడిది 17.8 హెచ్‌పీ, మేస్త్రీది 16.1 వచ్చిందంట. "కంపెనీ ఇచ్చింది 11, నేను 17.8 చేసినా" అంటాడు. "మేస్త్రీనే దాటేసినా నాయనా, నేను ఇంజన్ ట్యూనర్ అయితా, ఈసెట్ రాయను" అంటున్నాడు. ఈసెట్ అంటే డిప్లొమా వాళ్లు బీటెక్‌లో చేరడానికి రాసే పరీక్ష. వాడు రైల్వే జేఈ (జూనియర్ ఇంజనీర్) పరీక్షకు చదివితే బాగుండునని నాకుంది. షీట్ల ఫోటోలు పంపిస్తున్నా. ఈ పిచ్చి మాన్పించాలా, వాడి దారికి వదిలేయాలా?

జవాబు: గుత్తి అన్నకు నమస్కారం. ముందు షీట్ల సంగతి చూద్దాం, చదువు సంగతి తర్వాత. మీవాడు ఆ షీట్లను ఎలా చదివాడో తెలిస్తేనే వాడు ఏ పనికి తయారుగా ఉన్నాడో నేను చెప్పగలను.

డైనో మీకు కొత్తేం కాదు. ఓవర్‌హాల్ అయిన ఇంజన్‌ను మీ షెడ్‌లో లోడ్ బాక్స్‌కు కలుపుతారు కదా. జనరేటర్ నుంచి వచ్చే కరెంటును రెసిస్టెన్సుల్లో కాల్చి, వోల్టులను ఆంపియర్లతో గుణించి, 3100 హార్స్‌పవర్ బండి అయితే 3100 వస్తోందా లేదా అని చూస్తారు. బైకు డైనో చేసేదీ అదే. వెనక చక్రాన్ని బరువైన డ్రమ్ము మీద నిలిపి, బండిని కదలకుండా బిగించి ఫుల్ థ్రాటిల్ ఇస్తారు. డ్రమ్ము ఎంత తొందరగా వేగం అందుకుందో చూసి టార్క్, అంటే తిప్పే బలం, లెక్కగట్టేది ఒక రకం, దాన్ని ఇనర్షియా డైనో అంటారు. డ్రమ్ముకు బ్రేకు వేసి, ఆ బ్రేకు మీద పడిన బలాన్ని కొలిచేది ఇంకో రకం. మీవాడి షీట్ మొదటి రకం మిషన్‌ది, మేస్త్రీ షీట్ రెండో రకానిది. ఒకరిని కిరాణా కొట్టు కాటా మీద, ఇంకొకరిని ఆస్పత్రి కాటా మీద తూచి ఎవరు లావో పందెం వేసినట్టుంది ఇది.

సరే, మిషన్ల తేడాను కాసేపు పక్కన పెడదాం. ఫోటోలను పెద్దవి చేసి చూశాను. మీవాడి షీట్‌లో 9,800 ఆర్‌పీఎం దగ్గర 17.8 అని ఉంది, అక్కడే టార్క్ 12.75 న్యూటన్ మీటర్లు అని ఉంది. పవర్ అంటే టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి ఒక స్థిరాంకంతో భాగించడమే. మామూలు హార్స్‌పవర్ కావాలంటే 7,121తో భాగించాలి. అలా భాగిస్తే 17.55 వస్తుంది, 17.8 రాదు. అదే 7,023తో భాగిస్తే సరిగ్గా 17.8 వస్తుంది. అంటే ఆ షీట్ పీఎస్‌లో ఉంది. పీఎస్ అంటే మెట్రిక్ హార్స్‌పవర్, మామూలు హార్స్‌పవర్ కంటే ఒకటిన్నర శాతం దాకా చిన్న కొలత. చిన్న కొలతతో కొలిస్తే అంకె పెద్దగా కనిపిస్తుంది. మేస్త్రీ షీట్‌లో 8,700 దగ్గర 13.2 న్యూటన్ మీటర్లు, 16.1. ఇది మాత్రం 7,121తోనే సరిపోతోంది. పేరు ఒకటే అయినా ఆ రెండు "హెచ్‌పీ"లు వేరు.

ఇంకా ఉంది. మీవాడి షీట్ అడుగున చిన్న అక్షరాల్లో ఎస్‌టీడీ అని, మేస్త్రీ షీట్‌లో ఎస్‌ఏఈ అని ఉంది. ఇవి గాలికి వేసే సవరణలు. గాలి వేడెక్కితే పలచబడుతుంది, ఇంజన్‌లోకి పోయే ఆక్సిజన్ తగ్గుతుంది, పవర్ తగ్గుతుంది. అందుకే రన్, అంటే డైనో మీద ఒక పరీక్ష, ఏ గాలిలో తీసినా, ఒక ప్రామాణిక గాలిలో ఎంత వచ్చేదో లెక్కగట్టి రాస్తారు. ఎస్‌టీడీ లెక్క చల్లని గాలిని, సుమారు 15.5 డిగ్రీలను ఆధారం చేసుకుంటుంది. ఎస్‌ఏఈ లెక్క 25 డిగ్రీలను, కొంచెం తక్కువ పీడనాన్ని తీసుకుంటుంది. అందుకని ఒకే రన్‌ను ఎస్‌టీడీలో చూస్తే ఎస్‌ఏఈ కంటే సుమారు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. మీవాడి 17.55ను ఆ 4 శాతం తగ్గించి చూడండి, 16.9 దగ్గర నిలబడుతుంది. 1.7 ఉన్న తేడా 0.8కి దిగింది. మిషన్లు వేరు కాబట్టి ఆ 0.8 కూడా ఎవరి గొప్పో మనం చెప్పలేం.

సవరణ ఎందుకంత ముఖ్యమో మన ఊరి ఎండతోనే చెప్తాను. అనంతపురం సముద్రమట్టానికి మూడు వందల మీటర్లకు పైనే ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో ఒక రన్, డిసెంబరు పొద్దున 20 డిగ్రీల్లో ఒక రన్ తీశారనుకోండి. సవరణ లేకుండా చూస్తే రెండింటి మధ్య దాదాపు 5 శాతం తేడా వస్తుంది. లెక్క నేనే వేసి చూశాను. 16 హెచ్‌పీ ఇంజన్ మీద అది ఒక గుర్రానికి కాస్త తక్కువ. పోర్టు ఫైల్ చేయడానికి వారం రోజులు చేతులు బొబ్బలెక్కించుకున్నా అంత రాకపోవచ్చు. పైగా సవరణ గాలిని మాత్రమే సరిచేస్తుంది. డిసెంబరు గాలికి సరిపోయిన జెట్ (కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే రంధ్రం) మే నెలలో రిచ్ అయి, అంటే పెట్రోలు ఎక్కువై, పొగ కక్కుతుంది. ఆ నష్టాన్ని ఏ లెక్కా పూడ్చదు.

ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్‌కు ఇంకో పేచీ ఉంది, అది సైలెన్సర్ వేడి. ఎక్స్‌పాన్షన్ ఛాంబర్, అంటే టూ స్ట్రోక్‌కు పెట్టే ఉబ్బెత్తు సైలెన్సర్, పనిచేసేదే శబ్ద తరంగాల మీద. ఎగ్జాస్ట్ పోర్టు నుంచి బయల్దేరిన తరంగం ఛాంబర్ చివరి కోన్‌కు కొట్టుకుని వెనక్కి వచ్చి, బయటికి జారిపోతున్న పచ్చి మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. లోపలి వాయువు ఎంత వేడిగా ఉంటే తరంగం అంత వేగంగా తిరిగొస్తుంది, పవర్ పీక్ పై ఆర్‌పీఎంకు జరుగుతుంది. ఇనర్షియా డైనో మీద రన్ కొన్ని సెకన్లలో అయిపోతుంది, ఛాంబర్ పూర్తిగా వేడెక్కదు. బ్రేకు డైనో మీద లోడ్ పట్టి ఉంచితే బాగా వేడెక్కుతుంది. అందుకే టూ స్ట్రోక్ పోలికలో మొదటి రన్‌ను పారేసి, తర్వాత మూడు రన్‌లు ఒకే వేడిలో తీసి, మూడూ చూపించాలి. మీవాడు పంపింది ఒక్క రన్. బాగా వచ్చిన దాన్నే ప్రింటు తీయించి ఉంటాడు, ఆ వయసులో నేనైనా అంతే చేసేవాణ్ని.

"కంపెనీ ఇచ్చింది 11, నేను 17.8 చేసినా" అంటున్నాడని కూడా రాశారు. కంపెనీ చెప్పిన 11 క్రాంక్ దగ్గరిది, 7,500 ఆర్‌పీఎంలో. డైనో కొలిచేది చక్రం దగ్గర. మధ్యలో గేర్లు, చైను, టైరు తమ వాటా తీసేసుకుంటాయి. పైగా ముప్పై ఏళ్ల నాటి ఇంజన్, ఎన్నిసార్లు బోరుకు వేశారో తెలియదు. మార్పులకు ముందు అదే బండితో అదే డైనో మీద ఒక రన్ తీసి ఉంటేనే "ఇంత పెరిగింది" అనే హక్కు వస్తుంది. ఆ రన్ తీయలేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. పీక్‌ను, అంటే అన్నిటికంటే పెద్ద అంకెను, వదిలేసి షీట్‌లోని పవర్ గీతను చూడండి. 7,000 ఆర్‌పీఎం దగ్గర మీవాడి ఇంజన్ 8.5 ఇస్తోంది, మేస్త్రీది 12 ఇస్తోంది. మీవాడి గీత 9,000 దాకా పడుకుని, ఒక్కసారిగా లేచి, 10,300కు కూలిపోయింది. ఆర్‌ఎక్స్ 100కు ఉన్నవి నాలుగే గేర్లు. పైన గేరు మార్చగానే ఆర్‌పీఎం చాలా కిందికి, సరిగ్గా ఆ పడుకున్న చోటికి వచ్చి పడుతుంది. బరువున్న నాలుగు చక్రాల బండి, ఇసుకలోనో దున్నిన చేనులోనో అయితే అక్కడినుంచి లేవదు. మెరక ఎక్కేటప్పుడు పికప్ కావాల్సింది 7,000 దగ్గర. మేస్త్రీకి 7,121 సంగతి తెలియకపోవచ్చు గానీ బండి ఎక్కడ తిరుగుతుందో తెలుసు. ఏటీవీలో నేనైతే మేస్త్రీ సిలిండరే పెడతాను.

మీవాడు చూసే బాన్షీ వాళ్లదీ ఇదే గొడవ. 1987 నుంచి 2006 దాకా అమెరికాలో అమ్మిన ఆ యమహా ఏటీవీలో రెండు సిలిండర్ల 347 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్ ఉండేది. బోర్ 64, స్ట్రోక్ 54 మిల్లీమీటర్లు. మన రాజ్‌దూత్ ఆర్‌డీ 350 కొలతలు కూడా అవే, ఈ మాట చెప్తే వాడు ఎగిరి గంతేస్తాడు. అక్కడ ఇసుక దిబ్బల మీద డ్రాగ్ రేసుల కోసం చేసే పోర్టింగ్ వేరు, అడవి దారుల కోసం చేసేది వేరు. ఆ రెండు షీట్లను పక్కపక్కన పెట్టి ఏది పెద్దదని అడిగితే, పని తెలిసినవాడు ముందు బండి ఎక్కడ తోలతావని అడుగుతాడు.

ఇక చదువు. పిచ్చి మాన్పించొద్దు, గ్యారేజీకీ వదిలేయొద్దు. టూ స్ట్రోక్ ట్యూనింగ్ ఒక్కదాని మీదే బతకడం మన దగ్గర కష్టం. పచ్చి పెట్రోలు, ఆయిలు పొగతో పాటే బయటికి పోతాయి కాబట్టి కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ ఈ ఇంజన్లు రోడ్ల మీద కొత్తగా రావడం ఆగిపోయింది. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగింది. మిగిలింది రేసింగ్, పాత బండ్ల మోజు. ఆ మోజుకు గిరాకీ ఉంది గానీ నెల నెలా ఒకేలా ఉండదు. ఇంకో మాట, ఇష్టమొచ్చినట్టు మార్చిన బండిని రోడ్డెక్కిస్తే మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఇది బండి యజమానికే. ఆర్‌సీ మీ పేరు మీద ఉంటే జాగ్రత్త.

వాడికి నచ్చింది పోర్టులు ఫైల్ చేయడమా, డైనో ముందు నిలబడి ఎందుకొచ్చిందని వెతకడమా? రెండోదైతే దానికి ఉద్యోగాలున్నాయి. పుణెలో ఏఆర్‌ఏఐ, చెన్నై దగ్గర ఓరగడంలో జీఏఆర్‌సీ, పితంపూర్‌లో నాట్రాక్స్ అనే వాహన పరీక్షా కేంద్రాలు ఉన్నాయి. హోసూరు, చెన్నై బండ్ల కంపెనీలకు సొంత టెస్ట్ సెల్‌లు (ఇంజన్లను పరీక్షించే గదులు) ఉన్నాయి. మన పెనుకొండ దగ్గర కియా 2019 నుంచి కార్లు తీస్తోంది. ఎలక్ట్రిక్ మోటార్లనూ డైనో మీదే పరీక్షిస్తారు, అక్కడ గాలికి బదులు బ్యాటరీ ఛార్జి, కంట్రోలర్ వేడి రాసుకుంటారు, అంతే తేడా. డిప్లొమాతో టెస్ట్ టెక్నీషియన్‌గా చేరొచ్చు, అప్రెంటిస్‌షిప్ దారి కూడా ఉంది. కానీ క్యాలిబ్రేషన్ ఇంజనీర్ (ఇంజన్ సెట్టింగులు నిర్ణయించేవాడు) కావాలంటే బీటెక్ అడుగుతారు. అందుకే ఈసెట్ రాయాల్సిందే. నేరుగా రెండో ఏడాదిలో చేరతాడు. ఆ తర్వాత కాలేజీ జట్టులో బాహా ఎస్‌ఏఈ ఇండియా పోటీకి పోనీయండి. అది ఏటీవీల పోటీయే. తమాషా ఏమిటంటే, అక్కడ పెట్రోలు బండ్లకు అందరికీ ఒకే ఫోర్ స్ట్రోక్ ఇంజన్, దాన్ని ముట్టుకోకూడదు. గెలవాలంటే మిగతా బండిని అర్థం చేసుకోవాలి. మీవాడికి ఆ కట్టడి మంచిది.

జేఈ పరీక్షకు డిప్లొమా చాలు, బీటెక్ చదువుతూ కూడా రాసుకోవచ్చు. దానికోసం ఇప్పుడు ఇంట్లో గొడవ పెట్టుకోవద్దు. ఈసెట్ వచ్చేదాకా రోజుకు నాలుగు గంటలు చదువు, ఆదివారం గ్యారేజీ. ఇది నేను చెప్పానని చెప్పండి, మీ మీద కోపం రాకుండా ఉంటుంది.

ఒక షరతు మాత్రం పెట్టండి. రెండు సిలిండర్లనూ ఒకే బండికి, ఒకే ఛాంబర్‌తో, ఒకే డైనో మీద, ఒకే రోజు మళ్లీ తీయించాలి. దేని జెట్ దానికి సరిచేసుకోవాలి. ఒక్కోదానికి మూడు రన్‌లు, ఒకే గేరు, ఒకే టైరు గాలి, అన్నీ ఎస్‌ఏఈలో. గాలి వేడి, పీడనం రాసుకోవాలి. ఆ ఖర్చు మీరు పెట్టుకోండి, కోచింగ్ ఫీజు కంటే తక్కువే అవుతుంది. తర్వాత నాలుగైదు పేజీల రిపోర్టు రాయమనండి. మేస్త్రీ ఇంజన్ ఎక్కడ మెరుగో ఒక పేజీ తప్పకుండా ఉండాలి. టెస్ట్ సెల్ ఇంటర్వ్యూలో ఆ పేజీనే బయటికి తీయమని చెప్పండి. పాలిటెక్నిక్ ల్యాబులో 5 హెచ్‌పీ డీజిల్ ఇంజన్‌కు తాడు బ్రేకు వేసి చేసే ప్రయోగం రికార్డును కూడా ఒకసారి తిరగేయమనండి. పక్కవాడిది చూసి రాసి ఉంటాడు, నేను పాఠం చెప్పిన రోజుల్లో చాలామంది అంతే. ఇప్పుడు చదివితే అర్థమవుతుంది.

ఈలోగా వీలైతే మీ అధికారి అనుమతి తీసుకుని, లోడ్ బాక్స్ టెస్ట్ జరిగే రోజు వాణ్ని షెడ్‌కు తీసుకుపోండి. మీరేమీ వివరించొద్దు. టెస్ట్ షీట్‌లో మీవాళ్లు రాసే అంకెలు ఏవేవో, ఎందుకు రాస్తారో వాణ్నే కనుక్కోమని చెప్పి, మీరు టీ తాగి రండి.