జీతం చాలని ఇంట్లో క్రైస్తవ దాతృత్వం రోజూ ఎలా?

చిన్న జీతం, నెలాఖరుకి ఏమీ మిగలదు. అలాంటప్పుడు పేదలకు ఏం ఇవ్వగలం అని చాలామంది విశ్వాసులు అడుగుతుంటారు. మిజోరం సంఘాల అలవాటు ఒకటి చెబుతాను.

అక్కడి ప్రెస్బిటేరియన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) ఇళ్లలో అన్నం వండే ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తారు. 1910లో మొదలైన ఈ పద్ధతి పేరు బుహ్‌ఫై థామ్. దీన్ని నిలబెట్టింది ఆడవాళ్లే. చేతిలో డబ్బు ఆడేది కాదు గానీ వంటిల్లు వాళ్లదే కదా! ఇంటింటా పోగైన బియ్యాన్ని అమ్మి, ఆ డబ్బు సంఘ సేవకు వాడతారు. ఇందులో నాకు నచ్చింది ఇచ్చే వరస. తిన్నాక మిగిలింది ఇవ్వరు, ఎసట్లో పొయ్యకముందే పక్కన పెడతారు.

డబ్బు, బియ్యంతోనే అయిపోదు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో రోగిని చూడ్డం, పరాయివాళ్లను చేర్చుకోవడం కూడా ఉన్నాయి. పక్కింటి పెద్దాయన ఆసుపత్రిలో ఉంటే ఒక రాత్రి తోడు పడుకోండి, పొద్దున్నే ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడండి. ఇంట్లో పనిచేసే ఆమెకు జీతం ఒకటో తారీఖునే ఇవ్వండి. నన్నడిగితే దానం కంటే ముందు ఇదే. కూలి బిగబట్టేవాళ్లను యాకోబు పత్రిక 5వ అధ్యాయం గట్టిగానే హెచ్చరిస్తుంది.

ఇంకొకటి, సాయం అందిస్తూ ఫోటోలు దిగొద్దు. తీసుకునేవాళ్లకు అది చాలా ఇబ్బంది.