కొనవద్దని చెప్పిన పుస్తకాల వ్యాపారి

చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు దుకాణదారుల నుంచి ఊహించని సాయం ఎవరికైనా అందిందా అని మీరు అడిగారు. నాకు అందింది. హైదరాబాదు కోఠిలో పాత పుస్తకాలు అమ్మే ఒక పెద్దాయన నాకు అప్పు ఇవ్వలేదు, ఏదీ ఉచితంగానూ ఇవ్వలేదు. నేను కొనబోయిన ఖరీదైన పుస్తకాన్ని కొనవద్దన్నారు.

ప్రభుత్వ ఉపాధ్యాయుల నియామకానికి జరిపే డీఎస్సీ పరీక్షల్లో, 2008 నాటి మాట ఇది. టెట్ అనే ఉపాధ్యాయ అర్హత పరీక్ష అప్పటికింకా మన రాష్ట్రంలో మొదలుకాలేదు. డీఎడ్ అనే ఉపాధ్యాయ శిక్షణ కోర్సు పూర్తిచేసి, నల్గొండ జిల్లా దేవరకొండ దగ్గర మా ఊళ్లోనే ఉండి చదువుకుంటున్న నాకు కోచింగ్ సెంటరులో చేరే స్తోమత లేదు కనుక, ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పరీక్షకు కావలసినవన్నీ పుస్తకాల నుంచే నేర్చుకోవాలి. పత్తి అమ్మగా వచ్చిన డబ్బు పెట్టుబడి అప్పులకే సరిపోయింది. నాన్న మూడు వందల రూపాయలు చేతిలో పెట్టి, రానుపోను బస్సు ఖర్చు కూడా అందులోనే చూసుకోమన్నారు. హైదరాబాదు పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌లో దిగి, సిటీ బస్సుకు ఎందుకు పెట్టాలని గౌలిగూడ మీదుగా కోఠికి నడిచాను.

మహిళా కళాశాల పరిసరాల్లోని ఆ పుస్తకాల దుకాణాలను ఎరిగినవారికి అక్కడి పద్ధతి తెలిసే ఉంటుంది. చాలా దుకాణాల్లో మొదటి పేజీ మీద పెన్సిలుతో ధర వేస్తారు, చదివిన తరువాత చిరగకుండా తెచ్చిస్తే అందులో సగం వాపసు ఇస్తారు. పేద విద్యార్థికి ఇంతకు మించిన ఏర్పాటు నగరంలో మరొకటి ఉందని నేను అనుకోను.

ఆ పెద్దాయన దుకాణంలో నేను మొదట చేతిలోకి తీసుకున్నది, పరీక్షకు కావలసిన సబ్జెక్టులన్నీ ఒకేచోట కుక్కిన లావుపాటి గైడు. పాతదే అయినా నూట డెబ్భై రూపాయలన్నారు. దాన్ని కొంటే బోధన పద్ధతుల పుస్తకానికి డబ్బు మిగలదు, వదిలేస్తే పరీక్షలో వెనకబడతానేమోనని భయం. దాన్ని కింద పెట్టడం, మళ్లీ తీయడం చాలాసేపు గమనించిన ఆయన ఏ పరీక్షకని అడిగి, నేను చెప్పగానే ఆ గైడును నా చేతిలోంచి తీసుకుని వెనక అరలో పెట్టేశారు. "దీంట్ల సగం బడి పుస్తకాల నుంచి ఎత్తి రాసిందే బిడ్డా. అవి చదివితే ఇది అక్కెర లేదు" అన్నారు. తరువాత తూకానికి కొన్న కట్టల్లోంచి ప్రాథమిక, ప్రాథమికోన్నత తరగతుల పాఠ్యపుస్తకాలను ఏరి, ఒక్కొక్కటి ఐదు రూపాయలకు లెక్క వేశారు. తెలుగు అకాడమీ ముద్రించిన మెథడాలజీ (బోధన పద్ధతుల) పుస్తకాలు వెతికి ఇస్తూ, అంతకుముందు చదివినవారెవరో ముఖ్యమైన చోట్ల గీతలు గీసిన ప్రతులనే కావాలని ఎంచారు. గీతలున్నందుకు ధర తక్కువ, చదువుకునేవారికి అవే మేలట.

బేరంలో వంద చెప్పి అరవైకి ఇచ్చే వ్యాపారులు ఎందరో ఉంటారు, ఆ తగ్గింపును వారు ముందే లెక్కలో వేసుకుంటారు. కొనడానికి సిద్ధపడి నిలబడిన మనిషికి వద్దని చెప్పడం వల్ల మాత్రం ఆ రోజు ఆయన గల్లాపెట్టెకు నిజంగానే నష్టం. పైగా జాలిపడి గైడును ఊరికే ఇచ్చి ఉంటే నేను తీసుకోగలిగేదాన్ని కాదు. పుస్తకాల గురించి నాకంటే ఎక్కువ తెలిసిన మనిషిగా మాట్లాడారు కాబట్టి నాకు చిన్నతనం అనిపించలేదు.

పుస్తకాలను పురికొసతో కడుతూ, డబ్బు తీసుకోవడానికి ముందు "బస్సు కిరాయి పైసలు పక్కకు పెట్టుకున్నవా?" అని కూడా అడిగారు. పెట్టుకున్నానని చెప్పాకే లెక్క చూసి, నూట ముప్ఫై అయిదు రూపాయలు తీసుకున్నారు.

పరీక్ష రాసిన తరువాత ఆ కట్టనంతా తిరిగి తీసుకెళ్లాను. పాఠ్యపుస్తకాలకు వాపసు లేదని నిక్కచ్చిగా చెప్పి, మెథడాలజీ పుస్తకాలకు మాత్రం సగం ధర చేతిలో పెట్టారు. ఆ డబ్బుకు ఇంకొంత కలిపి, అక్కడే మా చెల్లెలికి ఇంటర్ రెండో సంవత్సరం పుస్తకాలు కొన్నాను.