తంగేడు పువ్వా, తంగేటి పువ్వా?

సందేహం: మా బడి గోడపత్రికలో బతుకమ్మ గురించి రాస్తూ ఒక విద్యార్థిని ‘తంగేడు పువ్వు’ అంటే, తోటి ఉపాధ్యాయుడు దాన్ని కొట్టివేసి ‘తంగేటి పువ్వు’ అని దిద్దారు. మూలికల దుకాణంలో కొన్న పొట్లం మీద ‘తంగేడు యొక్క పువ్వుల చూర్ణం’ అని ఉంది. ఈ మూడింటిలో ఏది ఒప్పు? కన్నడంలో ‘తంగి’ అంటే చెల్లెలు కాబట్టి, ఏడుగురు అన్నల చెల్లెలి కథను బట్టి ‘తంగి + ఏడు’ తంగేడు అయిందని ఒకరు చెప్పారు. అది నిజమేనా? – ఒక ఉపాధ్యాయిని, నల్లగొండ జిల్లా

సమాధానం: మీరు అడిగిన మూడింటిలో మొదటి రెండూ తెలుగే. మూడోది తెలుగు మాటలకు వేసిన అతుకు. డు-వర్ణంతో ముగిసే కొన్ని మాటలకు విభక్తి చేరేటప్పుడు టి-వర్ణం ఆదేశమవుతుందన్నది మీకు తెలిసిన సూత్రమే. బాలవ్యాకరణం పేరైనా వినని రైతు కూడా ‘పెరడు చెట్టు’ అనడు, ‘పెరటి చెట్టు’ అనే అంటాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతలో ఆ టి-కారం చెక్కుచెదరకుండా ఉంది. ‘అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని’ అనేటప్పుడు అంగడి అంగటిగాను, నోరు నోటిగాను మారిన సంగతి పలికేవాడికి తట్టను కూడా తట్టదు. ఆ వరసలోనే మారేడు మారేటి, నేరేడు నేరేటి, జిల్లేడు జిల్లేటి, తంగేడు తంగేటి అవుతాయి. కనుక మీ తోటి ఉపాధ్యాయుడి దిద్దుబాటుకు శాస్త్రాధారం ఉంది.

అయితే, ఆ అమ్మాయి రాసినదాన్ని కొట్టివేయడానికి శాస్త్రాధారం లేదు. ‘తంగేటి పువ్వు’ షష్ఠీ తత్పురుషం, అంటే తంగేడుకు పూసిన పువ్వు. ‘తంగేడు పువ్వు’ సంభావనా పూర్వపద కర్మధారయం, అంటే తంగేడు అనే పేరు గల పువ్వు. మల్లెపువ్వు, మామిడిచెట్టు అన్నప్పుడు మనం చేస్తున్నది ఇదే. సద్దుల బతుకమ్మ నాడు తాంబాళంలో ఒక వరస గునుగు, ఒక వరస తంగేడు పేర్చే ఆడవాళ్ళ నోట, వారి పాటల్లో, తంగేడు పువ్వన్న మాటే వినిపిస్తుంది. వాళ్ళ దృష్టిలో తంగేడు అంటే ముందుగా పువ్వు, ఆ తరువాతే చెట్టు. అలాంటప్పుడు పువ్వుకు చెట్టు విభక్తి తగిలించవలసిన పని వాళ్ళకు లేదు. ఇక చెక్క విషయానికి వస్తే, బెరడుకు తంగేడని పేరు లేదు గనుక నియమం ప్రకారం ‘తంగేటి చెక్క’ అనాలి. అయినా జనం ‘తంగేడు చెక్క’ అంటూనే ఉన్నారు, నేరేడు పండును ఎవరూ నేరేటి పండు చేయడం లేదు. వ్యవహారం ఇంత బలంగా ఉన్నచోట నేను తప్పు పట్టను. రాతలో ‘తంగేటి చెక్క’ కనిపిస్తే మాత్రం సంతోషిస్తాను.

‘యొక్క’ సంగతి వేరు. తెలుగులో షష్ఠి చాలాచోట్ల మాట రూపంలోనే ఇమిడి ఉంటుంది: ఇంటి తలుపు, ఊరి చెరువు, తంగేటి మొగ్గ. ఇంత సొగసైన ఏర్పాటు చేతిలో ఉండగా పొట్లాల మీద, ప్రకటనల్లో, పాఠాల్లో సైతం ‘యొక్క’ను మేకులా దిగ్గొడుతున్నారు. ‘తంగేడు పూల పొడి’ అంటే మూడు మాటల్లో పని అయిపోయేదానికి ‘తంగేడు యొక్క పువ్వుల చూర్ణం’ ఎందుకు? ఈ మధ్య కొందరు ‘ఆవారం పూల టీ’ అని కూడా అమ్ముతున్నారు. ఆవారం తమిళుల మాట. వారి నోట అది అందమైన మాటే. గట్టు మీద పూసిన మన తంగేడును మనకే పొరుగు పేరుతో అమ్మితే, కొని ఇంటికి తెచ్చుకున్న మనిషికి అది తన ఊరి పువ్వని తెలియకుండా పోతుంది. నాకు అది బాధ.

తంగేటి అన్న రూపాన్ని ఎవరూ కదిలించలేని చోటు ఒకటుంది. అది ‘తంగేటి జున్ను’. ఈ జాతీయం విని చాలా ఏళ్ళయింది. అయాచితంగా, శ్రమ లేకుండా చేతికందిన లాభాన్ని పెద్దలు అలా అనేవారు. ఈనాటి చదువరి ‘జున్ను’ అనగానే ఈనిన ఆవు పాలతో చేసిన జున్ను తలుచుకుని, దానికీ తంగేడుకూ పొత్తేమిటని తికమకపడతాడు. పాత నిఘంటువులు తీసి చూడండి: జున్ను అంటే తేనెపట్టు, తేనె అన్న అర్థం కూడా ఉంది. కన్ను కంటి అయినట్టు, మిన్ను మింటి అయినట్టు, జున్ను ‘జుంటి’ అవుతుంది. జుంటితేనె, జుంటీగ అన్న మాటలు అలా పుట్టినవే. అంటే జుంటీగను తేనెటీగ అని తెలిసి వాడేవారు కూడా, అందులో జున్ను దాగి ఉన్నదని గమనించడం లేదన్నమాట! కన్నడంలో తేనెను ‘జేను’ అంటారు. దాన్నీ మన జున్నునూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు అనిపిస్తుంది. పట్టుబట్టను గాని, ఆ పోలిక నన్ను వదలడం లేదు.

ఇప్పుడు జాతీయం దగ్గరకు వద్దాం. పెద్ద తేనెటీగలు కొండచరియలకూ మర్రిమానుల కొమ్మలకూ పట్లు పెడతాయి. నల్లమలలో చెంచులు ఆ తేనె కోసం తాళ్ళు పట్టుకుని చరియల మీదుగా దిగుతారు. పట్టు తప్పితే ప్రాణం దక్కదు. చిన్న తేనెటీగ తీరు అది కాదు. మనిషి ఎత్తు కూడా లేని పొదల్లో, సన్నని కొమ్మను చుట్టి, ఒక్క పలక పట్టు కడుతుంది. చిన్నతనంలో మా చెలక గట్టున గొర్రెలు కాసే కుర్రవాడొకడు నాకు దాన్ని చూపించాడు. పూతతో పచ్చగా ఉన్న తంగేటి పొదను మెల్లగా పక్కకు తీస్తే, లోపల నా అరచేతి కంటే కొంచెం పెద్ద పట్టు ఒకటి, ఈగలు కప్పిన దుప్పటిలా కదులుతూ కనిపించింది. కొమ్మను పట్టుకుని నోటితో ఊదగానే ఈగలు అలలా కిందికి జరిగాయి. పైన కొమ్మను పట్టి ఉబ్బి ఉన్న భాగంలో తేనె మెరిసింది. నిచ్చెన లేదు, తాడు లేదు, చెయ్యి చాచడమే. ఆ చెయ్యి చాచడాన్నే మన పూర్వులు రెండు మాటల్లో నిలిపారు. తంగేడు పూల తేనె కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరు వ్యాఖ్యానిస్తారు. అది కుదరదు. తంగేడు పువ్వులో తేనె ఉండదు, ఈగలకు దొరికేది పుప్పొడి ఒక్కటే. ఆ తేనె వేరే పూలది. పట్టు కట్టిన చోటు తంగేడుది. ‘తంగేడు జున్ను’ అంటే జాతీయం కుంటుపడుతుంది. ఇక్కడ మాత్రం మీ తోటి ఉపాధ్యాయుడి ఎర్రసిరాతో నాకు పూర్తి ఏకీభావం.

మీరు పొట్లం ప్రసక్తి తెచ్చారు కనుక మందు మాటలు కూడా కొన్ని. సంస్కృతంలో తంగేడుకు ఆవర్తకి, చర్మరంగ అన్న పేర్లున్నాయి. రెండోది చెట్టు వృత్తిని చెబుతుంది. సీమ నుంచి వేరే చెక్కలు దిగుమతి కాకముందు దక్షిణాదిలో తోళ్ళు ఊనడానికి ముఖ్యమైన చెక్క తంగేడుదే. లందలో, అంటే తోళ్ళు ఊనే తొట్టిలో, తోలును నానబెట్టి గట్టిపరిచే ఆ వగరునే వైద్యులు నోటిపూతకు పుక్కిలి కషాయంగా, విరేచనాలు కట్టడానికి వాడారు. పూలూ మొగ్గలూ మధుమేహానికి కషాయంలో వేయడం మన ఆయుర్వేదంలోనూ తమిళుల సిద్ధ వైద్యంలోనూ ఉంది. ఎండిన పూల పొడి నలుగులో కలుపుతారు, గింజల పొడి కంటి జబ్బులకు పూర్వం వాడేవారు, ఎండలో పనిచేసేవారు తలపాగా కింద లేత ఆకు పెట్టుకుంటారు. వీటిలో దేన్నీ, ముఖ్యంగా కంటిలో వేసేదాన్ని, మధుమేహానికి మందులు వాడుతున్నవారు తాగేదాన్ని, వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టవద్దు.

ఇక్కడే భాష ప్రమాదం ఒకటి ఉంది. ‘నేల తంగేడు’ అన్నది వేరే మూలిక. సునాముఖికి అది మరో పేరు. సునాముఖి విరేచనకారి. తంగేడు చెక్క విరేచనాన్ని కట్టేది. అంటే ‘నేల’ అన్న రెండక్షరాలు జారిపోతే మందు తలకిందులవుతుంది. పొట్లాల మీద అచ్చు వేసేవారు పేరును సగం చేసి ‘తంగేడు ఆకు’ అని ఊరుకోవడం నేను చూశాను. ‘యొక్క’ మీద పెట్టిన శ్రద్ధ ‘నేల’ మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

కసింద, తగిరిస, రేల ఈ చెట్టుకు చుట్టాలే. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ వీటన్నిటినీ కాసియా అన్న ఒక్క ఇంటిపేరు కింద చేర్చాడు. తంగేడుకు ఇప్పుడున్న సెన్నా ఆరిక్యులేటా అన్న పేరు స్కాట్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ చేసిన మార్పుతో వచ్చింది. ఆయన సామర్లకోటలో మొక్కల తోట పెంచి మన మొక్కలను దగ్గరగా చూసినవాడు. ఆరిక్యులేటా అంటే చెవులున్నది. రెమ్మను తుంచి చూస్తే ప్రతి ఆకు మొదట్లో గుండ్రని చెవుల్లా రెండు పత్రపుచ్ఛాలు కనిపిస్తాయి. పిల్లలకు చూపించండి.

‘తంగి + ఏడు’ వ్యుత్పత్తిని నేను ఒప్పుకోను. కథ మనసుకు హత్తుకునేదే, కాదనను. కాని ఏడుగురు అన్నలు తంగేడులో ఉంటే, నేరేడులో ఎవరు ఏడుగురు, మారేడులో ఎవరు, జిల్లేడులో ఎవరు? ఒక వరసలో నాలుగు చెట్ల పేర్లు ఒకే తోకతో కనిపిస్తున్నప్పుడు ఒక్కదాన్ని విడదీసి కథ కట్టడం వ్యుత్పత్తి కాదు. పైగా కన్నడిగులు ఈ చెట్టును తంగడి అంటారు. చెల్లెలి ‘తంగి’ తెలిసిన వారి మాటలోనే ‘ఏడు’ లేదు. పేరు రెండు భాషల ఉమ్మడి ఆస్తి అనుకోవడం మేలు. బహువచనంలో ఈ వరస ఇంకా స్పష్టంగా బయటపడుతుంది: నేరేళ్ళు, జిల్లేళ్ళు, తంగేళ్ళు. ఊళ్ళ పేర్లు వీటిని భద్రంగా దాచుకున్నాయి. జిల్లెళ్ళమూడి అన్నప్పుడు జిల్లేళ్ళు, ఏలూరు పక్క తంగెళ్ళమూడి అన్నప్పుడు తంగేళ్ళు, నేరెళ్ళ అన్నప్పుడు నేరేళ్ళు నా చెవికి వినిపిస్తాయి. మీ జిల్లాలో కూడా ఇటువంటి పేర్లు వెతికితే దొరుకుతాయి. పిల్లలకు పని పెట్టదగిన విషయం.

2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించినప్పుడు కూడా తంగేడు పువ్వు అనే రాశారు. కాబట్టి ఆ అమ్మాయి మాటను గోడపత్రికలో మళ్ళీ యథాస్థానంలో పెట్టించండి. దిద్దిన ఉపాధ్యాయుడి మాటను కూడా చెరిపివేయవద్దు. దాని పక్కనే ‘తంగేటి జున్ను’ అని రాయించి, అర్థం ఆయన చేతనే చెప్పించండి.