'గ్రాటీ' అనే బ్రిటిష్ మాటకు అర్థం ఏమిటి? ఎలా పుట్టింది?

మురికిగా, రోతగా ఉన్నదాన్ని బ్రిటన్‌లో గ్రాటీ అంటారు. గోడలకు బూజు పట్టి, తివాచీ కాళ్లకు జిగురుగా అంటుకునే అద్దె గదికి సరిగ్గా సరిపోయే మాట. ఒంట్లో నలతగా ఉన్నా వాడతారు.

వికృతం అనే అర్థమున్న 'గ్రొటెస్క్'ను కుదిస్తే ఇది వచ్చింది. బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ 1964 నాటి సినిమా 'ఎ హార్డ్ డేస్ నైట్'లో ఆ బృంద సభ్యుడు జార్జ్ హారిసన్ కొన్ని చొక్కాలను చూసి ఈ మాట అంటాడు. ఎదుటివాడికి అర్థం కాకపోతే 'గ్రొటెస్క్' అని విడమరుస్తాడు. దాంతో మాట జనంలోకి పాకిపోయింది.

నాకు అన్నిటికన్నా నచ్చేది దీని పాత మూలం. గ్రొటెస్క్ ఇటాలియన్ 'గ్రొట్టా' నుంచి వచ్చింది, అంటే గుహ. రోమ్‌లో మట్టిలో పూడిపోయిన నీరో చక్రవర్తి భవనం గదులు గుహల్లా కనిపించాయి. మనుషులు, జంతువులు, తీగలు కలగలిసిన అక్కడి వింత చిత్రాలకు మొదట ఆ పేరు పెట్టారు.