కంచె మొక్కల ఎత్తు కాదు, హద్దు చూస్తుంది చట్టం

ప్రశ్న: హనుమకొండలో 200 గజాల్లో మాకు ఇల్లు ఉంది. పడమటివైపు ఖాళీ స్థలంలో నాలుగేళ్ల క్రితం పక్కవారు రెండంతస్తులు కట్టారు. కిటికీలన్నీ మా పెరటివైపే. ఆడవాళ్లు బట్టలు ఆరేసుకోవాలన్నా ఇబ్బందిగా ఉండేది. త్వరగా ఎదుగుతాయని నర్సరీవాళ్లు చెబితే ప్రహరీకి అడుగు దూరంలో కోనోకార్పస్ మొక్కలు వరుసగా నాటాం. ఇప్పుడవి 14 అడుగులు దాటాయి. చాటూ దొరికింది, ఎండాకాలం పడమటి వడగాలీ తగ్గింది. ఇంతలో పక్కవారు లాయరు నోటీసు పంపారు. కంచె మొక్కలు 2 మీటర్లు మించకూడదని చట్టం ఉందట, మా మొక్కలు వారి ఇంటికి వెలుతురు రానివ్వడం లేదట, వేళ్లు వారి డ్రైనేజీ పైపులో దూరాయట. మేం మేడారం వెళ్లిన రోజు చూసి, మనిషిని మా పెరట్లోకి దించి కొన్ని కొమ్మలు నరికించారు కూడా. మేం ఏం చేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: నోటీసులోని మూడు మాటల్లో మొదటిది తప్పు, రెండోది ఇప్పుడు నిలవదు. మూడోదాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

2 మీటర్ల మాట ఇంగ్లాండ్‌ది. అక్కడ లేలాండీ అనే సైప్రస్ జాతి చెట్టును ఇళ్ల మధ్య కంచెగా నాటేవారు. అది ఏటా మీటరు దాకా ఎదుగుతుంది. దాని పేరున ఇరుగుపొరుగు తగాదాలు ముదిరి, 2003లో ఒక చట్టంలో ఎత్తయిన కంచెల కోసం ప్రత్యేకంగా ఒక భాగమే పెట్టవలసి వచ్చింది. ఏడాది పొడవునా ఆకు రాలని చెట్ల వరుస 2 మీటర్లు దాటి పక్కవారికి ఇబ్బంది కలిగిస్తే స్థానిక కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడైనా 2 మీటర్లు దాటినంత మాత్రాన నేరం కాదు, నిజంగా ఇబ్బంది ఉందా లేదా అన్నది కౌన్సిల్ తేలుస్తుంది. మన దగ్గర ఇలాంటి చట్టం లేదు. నోటీసు తయారుచేసినవారు ఎక్కడినుంచో తెచ్చి అతికించినట్టున్నారు, కనీసం ఏ దేశానిదో చూసుకోవలసింది.

ఇక వెలుతురు. కిటికీ ద్వారా వచ్చే గాలి వెలుతురుల మీద హక్కు రావాలంటే 20 ఏళ్లపాటు, ఎవరి అడ్డూ లేకుండా అనుభవించి ఉండాలి. వారి ఇల్లు కట్టి నాలుగేళ్లే. ఖాళీ పెరటికి వచ్చే ఎండ మీదైతే ఎన్నేళ్లు గడిచినా ఈ హక్కు పుట్టదు, 1882 నాటి ఈజ్‌మెంట్స్ (పక్క స్థలం మీద ఉండే అనుభవ హక్కుల) చట్టం 17వ సెక్షన్ సూత్రమే అది. అదే వారిది పాతికేళ్ల నాటి ఇల్లై, కిటికీలు మొదటినుంచీ ఉండి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. గదిలో పట్టపగలు లైటు వేసుకోవలసినంతగా మీ మొక్కలు కమ్మేస్తే కోర్టు తప్పకుండా పట్టించుకునేది.

మరి వారి కిటికీలు మూయించవచ్చా అని చాలామంది అడుగుతారు. పక్కింటి మరుగుకు భంగం కలిగేలా కొత్త కిటికీ పెట్టకూడదనే ఆచారం ఒక ఊళ్లో ఉంటే దాన్ని హక్కుగా గుర్తిస్తారు. ఉత్తరాదిన అలాంటి కేసులు నెగ్గాయి. కానీ ఆ ఆచారం ఉందని నిరూపించవలసింది మీరే. ప్లాట్లు చేసి అమ్మిన కాలనీలో ఆచారం ఎక్కడినుంచి తెస్తారు? అంతకంటే పనికొచ్చేది మరొకటి ఉంది. వారు అనుమతి పొందిన ప్లాను ప్రకారం మీవైపు వదలవలసిన జాగా వదిలారో లేదో చూడండి. వదలకపోతే గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థ పట్టణ ప్రణాళిక విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. లేదంటే చాటు కోసం మొక్కలు పెంచుకోవడమే దారి, అది మీ హక్కు కూడా.

అసలు చిక్కు వేళ్లతో. మీ స్థలంలో మీరు ఎంత ఎత్తు పెంచినా అడిగేవారు లేరు, కానీ కొమ్మ గానీ వేరు గానీ హద్దు దాటిందా, అది పక్కవారికి ఉపద్రవమే (కోర్టు భాషలో న్యూసెన్స్). మీవైపు నిర్లక్ష్యం ఉందా లేదా అన్న చర్చ కూడా ఎక్కువసేపు సాగదు. కోనోకార్పస్ వేళ్లు తడిని వెతుక్కుంటూ పోతాయి. మట్టి పైపు జాయింటులో వెంట్రుకంత సందు దొరికితే చాలు, లోపలికి దూరి జడలా అల్లుకుపోయి పైపును పూడ్చేస్తాయి. ఈ మొక్కను గుజరాత్ 2023లో నిషేధించింది, తెలంగాణలోనూ హరితహారంలో నాటడం ఆపారు. దాన్ని గోడకు అడుగు దూరంలో నాటడమంటే దావాను కొని తెచ్చుకోవడమే.

వారు దావా వేస్తే కోర్టు అడ్వకేట్ కమిషనర్‌ను పంపవచ్చు. పైపు తవ్వించి, వేరు ఎటునుంచి వచ్చిందో చూసి, ఫొటోలతో ఆయన నివేదిక ఇస్తారు. వేరు మీ చెట్టుదేనని తేలితే తీసివేయమని ఉత్తర్వు, పైపు బాగుచేయించిన ఖర్చు రెండూ మీ మీద పడతాయి. వేరు పెరుగుతున్నంత కాలం ఉపద్రవం సాగుతున్నట్టే లెక్క కాబట్టి కాలపరిమితి దాటిందన్న వాదన కూడా మీకు అక్కరకు రాదు.

అలాగని వారు చేసింది ఒప్పు కాదు. తమవైపు వాలిన కొమ్మను తమ స్థలంలో నిలబడి హద్దు దాకా నరుక్కోవచ్చు, ఇంగ్లాండ్ ప్రభువుల సభ (అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం) లెమన్–వెబ్ కేసులో చెప్పింది ఇదే. హద్దు దాటి మీ పెరట్లోకి దిగడం మాత్రం అక్రమ ప్రవేశం, మీవైపు కొమ్మలు నరకడం ఆస్తి నష్టం. భారతీయ న్యాయ సంహితలో రెంటికీ సెక్షన్లున్నాయి, 329, 324. నరికిన కొమ్మ కూడా చెట్టు యజమానిదే. అయినా పోలీస్ స్టేషన్‌కు వెళ్లమని నేను చెప్పను. సివిల్ తగాదా అని పంపించేస్తారు, పక్కింటితో మాటలు మాత్రం శాశ్వతంగా తెగిపోతాయి. జవాబు నోటీసులో తేదీతో సహా రాయించండి, ఫొటోలు దాచుకోండి, బేరానికి కూర్చున్నప్పుడు పనికొస్తాయి.

నా సలహా అడిగితే ఆ మొక్కలు తీసేయండి. చెట్లంత అయ్యాయి కాబట్టి, వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం (2002) కింద అనుమతి విషయం అటవీ శాఖ కార్యాలయంలో ముందే అడిగి రాతలో తీసుకోండి. పైన నరికి మొదలు వదిలేస్తే మళ్లీ చిగురిస్తుంది, దుంపతో తవ్వించాలి. వీధివైపు కొమ్మలు కరెంటు తీగలకు తగులుతుంటే మాత్రం మీ మనిషిని నిచ్చెన ఎక్కించకండి, 1912కు ఫోను చేసి లైన్‌మన్‌ను పిలిపించండి.

వాటి స్థానంలో గోడకు కనీసం మూడడుగులు వదిలి గోరింటో, నందివర్ధనమో, మందారో తొలకరికి నాటండి. గోరింట మన ఎండలకు తట్టుకుంటుంది, ఎంత కత్తిరిస్తే అంత గుబురవుతుంది. మూడడుగుల సందులో మనిషి దిగి రెండోవైపు కూడా కత్తిరించగలడు, మీ కేసులో లేనిది ఆ సందే. వాక్కాయ ముళ్లు మంచి కాపలా, కానీ కోతులు తిరిగే కాలనీ అయితే కాయలు కాసే కంచె వద్దు. పచ్చగన్నేరు అసలే వద్దు, దాని గింజ విషం. 1878లో ఇంగ్లాండ్‌లో ఒక శ్మశానం కంచెమీదుగా వాలిన విషపు చెట్టు ఆకు తిని పక్క పొలంలోని గుర్రం చస్తే, చెట్టు యజమానులే పరిహారం కట్టారు. ఇక్కడ గుర్రం బదులు మేక ఉంటుంది, అంతే తేడా.

నోటీసుకు జవాబిచ్చాక, దావా పడకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టి ఇద్దరూ లోక్ అదాలత్‌కు వెళ్లండి. కోర్టు ఫీజు లేదు, అక్కడి అవార్డు, అంటే రాజీ తీర్పు, కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. రాజీ పత్రంలో మొక్క పేరు, గోడనుంచి దూరం, వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి కత్తిరింపు, ఆ రోజు కూలీ వారివైపు నిలబడేందుకు అనుమతి, పైపు ఖర్చులో ఎవరి వాటా ఎంత, ఆ కిటికీల కింది భాగానికి మసక అద్దాలు వేయించే గడువు, ఇవన్నీ రాయించండి. అద్దాల షరతు మీరు అడగకపోతే వారంతట వారు పెట్టరు.