అనువాదం కాగితం మీదా, ఫైలుగానా?

శ్రీకాకుళం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

కెనడా దరఖాస్తు కోసం నీ జనన ధ్రువపత్రాన్నీ, మీ నాన్నగారి భూమి పత్రాలనూ ఇంగ్లీషులోకి అనువదించి సంతకం పెట్టి పంపమనీ, అవి కాగితం మీదే ఉండాలో ఫైలుగా ఉంటే చాలో చెప్పమనీ రాశావు. మొదటి పని నేను చేయకూడదమ్మా. కోర్టులో అనువాదకుడిగా పనిచేసి రిటైరైనవాడినే అయినా, దరఖాస్తుదారు కుటుంబ సభ్యులు చేసిన అనువాదాన్ని కెనడా ఇమిగ్రేషన్ శాఖ ఒప్పుకోదు. ఆ జాబితాలో మేనమామ కూడా ఉన్నాడు. బయటివారినే చూసుకో.

ఇక రెండో ప్రశ్న. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెడుతున్నాం కాబట్టి కాగితంతో పనిలేదని చాలామంది అనుకుంటారు గానీ, నీ విషయంలో అది కుదరదు. అనువాదకుడికి వృత్తి సంఘపు ధ్రువీకరణ లేకపోతే, తన అనువాదం సరైనదని అతను అఫిడవిట్ ఇవ్వాలి. మన దగ్గర అది నోటరీ ఎదుట, స్టాంపు కాగితం మీద, సిరా సంతకంతోనూ సీలుతోనూ తయారవుతుంది. ఆ అఫిడవిట్‌నూ, అనువాదాన్నీ, అనువాదకుడు చూసి పనిచేసిన మూలపత్రపు నకలునూ కలిపి రంగుల్లో స్కాన్ చేయించి, ఆ ఫైలును ఎక్కించు. ఫోనుతో తీసిన ఫొటోలో నీడలు పడతాయి, అంచున ఉన్న సీలు సగం తెగిపోతుంది.

అందుకే ముందు కాగితం తీసుకో అంటాను. సంతకమున్న కాగితం నుంచి ఎన్ని ఫైళ్లయినా చేసుకోవచ్చు, ఫైలును ప్రింటు తీస్తే మాత్రం నకలే మిగులుతుంది. డిజిటల్ సంతకానికి 2000 నాటి ఐటీ చట్టం మన దేశంలో గుర్తింపు ఇచ్చిన మాట నిజమే. అయితే ఆ సంతకం ఫైలులోనే పనిచేస్తుంది, ప్రింటులో దాని బొమ్మ మాత్రమే కనిపిస్తుంది. సైజు తగ్గిస్తామనీ, అన్నీ ఒకే పీడీఎఫ్‌గా కలుపుతామనీ నెట్ సెంటర్‌లో ఫైలును మార్చినా ఆ సంతకం చెల్లకుండా పోవచ్చు. ఎవరైనా అలాంటి ఫైలు ఇస్తే అసలుదాన్ని ముట్టుకోకుండా విడిగా దాచు.

అన్ని దేశాలకూ ఇంత తతంగం ఉండదు. మీ అన్నయ్య అమెరికా దరఖాస్తుకు, అనువాదం సంపూర్ణంగానూ సరిగానూ ఉందనీ, తనకు ఆ పని చేసే సామర్థ్యం ఉందనీ అనువాదకుడు రాసి సంతకం పెడితే చాలు, నోటరీ అక్కరలేదు. బ్రిటన్‌కైతే అనువాదం సరైనదన్న మాటతో పాటు అనువాదకుడి పేరు, సంతకం, తేదీ, చిరునామా వంటి వివరాలు ఉండాలి. ఆన్‌లైన్ దరఖాస్తయితే ఇలాంటి చోట్ల స్కానే సరిపోతుంది, కాగితాన్ని కొరియర్‌లో తెప్పించడం దండగ ఖర్చు. మన ఉద్దానం కుర్రాళ్లు వెళ్లే దుబాయ్ దీనికి పూర్తిగా ఎదురు. అపోస్టిల్ అంటే ఒక దేశపు పత్రాన్ని ఒకే ముద్రతో మరో దేశం ఒప్పుకునే ఒప్పందం; దుబాయ్ ఉన్న యూఏఈ అందులో లేదు కాబట్టి అసలు పత్రం మీదే ముద్ర తర్వాత ముద్ర వేయించుకుంటూ పోవాలి. అరబిక్ అనువాదాన్ని అక్కడి న్యాయశాఖ లైసెన్సున్నవారి చేత చేయించుకోవాలి గనుక దానికి ఇక్కడ డబ్బు పోయవద్దు.

నువ్వు బరంపురం ఆసుపత్రిలో పుట్టావు కనుక నీ జనన ధ్రువపత్రం ఒడియాలో ఉంది. దాన్ని తెలుగులోకి, ఆ తెలుగును మళ్లీ ఇంగ్లీషులోకి మార్పించవద్దు. ఇచ్ఛాపురం వైపు ఒడియా, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చినవారు దొరుకుతారు. ఆ పత్రానికి వారి అఫిడవిట్, భూమి పత్రాలకు తెలుగు అనువాదకుడి అఫిడవిట్ వేరువేరుగా ఉండాలి. పేర్లు పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే రాయించు, మూలంలో తప్పు కనబడితే మాత్రం అనువాదంలో దిద్దనీయకు.

నోటరీ దగ్గరకు వెళ్లకముందే చిత్తుప్రతులు నాకు పంపు. సంతకం పెట్టలేకపోయినా చదివి చెప్పగలను కదా.

మీ మావయ్య